ఏ రేవున దిగవలెను?

విజయవాడ నుంచి బందరు పోయే రాజబాట మీద కంకిపాడు, ఉయ్యూరు దాటిన తరువాత పామర్రు వస్తుంది. అక్కడ దారులు చీలుతాయి. ఒకటి గుడివాడకు, ఒకటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి, ఒకటి నేరుగా సముద్రతీరానికి. ఆ కూడలిలో నిలబడినవానికి తన దారి తెలియకపోతే పెద్ద చిక్కేమీ లేదు. కిళ్ళీకొట్టువాడిని అడిగినా చెబుతాడు. కాని ఆ చుట్టుపట్ల ఊళ్ళలో ఈనాడు అనేక గృహాలలో తలయెత్తుతున్న ప్రశ్నకు సమాధానం అంత తేలికగా దొరికేది కాదు. ఇంజనీరింగు పూర్తిచేసిన కుర్రవానికో, అమ్మాయికో రెండు దేశాలనుంచి రెండు విశ్వవిద్యాలయాల ప్రవేశపత్రాలు వస్తాయి. ఒకటి అమెరికానుంచి, రెండవది జర్మనీ నుంచో, బ్రిటన్ నుంచో. గడువు దగ్గరపడుతుంది. తండ్రికి ఎకరాల లెక్క తెలుసును గాని డాలర్ల లెక్క తెలియదు. తల్లికి తెలిసినదల్లా దూరం. చివరకు ఆ రెండు కాగితాలూ చేతబట్టుకొని విద్యార్థి, చిన్ననాడు తనకు చదువు చెప్పిన మాస్టారి ఇంటికి వస్తాడు.

మాస్టారు ఏమని చెప్పాలి? ర్యాంకుల పట్టిక చూచి, పెద్ద అంకె కంటె చిన్న అంకె మేలని చెప్పడం సులభం. విజయవాడలో వీధివీధినా వెలసిన కన్సల్టెన్సీలు ఆ పని ఎలాగూ చేస్తూనే ఉన్నవి. కాని విశ్వవిద్యాలయం గాలిలో తేలే మేడ కాదు. అది ఒక దేశపు నేలమీద, ఆ దేశపు చట్టానికి లోబడి నిలిచి ఉంటుంది. విద్యార్థిని చేర్చుకొనేది విశ్వవిద్యాలయం. ఉండనిచ్చేదీ, పొమ్మనేదీ దేశం. ఈ భేదాన్ని పుస్తకాలలో గాక స్వానుభవంలో తెలుసుకొన్న తెలుగువారిలో వరాహగిరి వెంకటగిరిగారు ఒకరు. భారత రాష్ట్రపతిగా ఆయనను ఎరుగనివారు లేరు. ఆయన విద్యార్థిదశ మాత్రం మన బడి పిల్లలకు అంతగా తెలియదు.

గిరిగారు 1894లో బరంపురంలో జన్మించారు. ఆ పట్టణం అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1936లో ఒరిస్సాలో చేరినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుమోసిన న్యాయవాది. ఆ రోజులలో న్యాయవాది కుమారుడు బారిష్టరు కావలెనంటే ఓడ యెక్కి లండనులో దిగడమే ఆనవాయితీ. అక్కడి ఇన్నులనే న్యాయవిద్యా సంస్థలకు మించిన పేరు మరెక్కడి సంస్థలకూ లేదు. ఈనాటి ర్యాంకుల పట్టిక ఆనాడే ఉండి ఉంటే, దాని మొదటి వరుసలో వాటి పేర్లే కనబడేవి. అయినా 1913లో గిరిగారు లండనులో చేరలేదు. ఐర్లండుకు పోయి డబ్లిను యూనివర్సిటీ కాలేజిలోను, కింగ్స్ ఇన్స్ అనే అక్కడి న్యాయవిద్యా సంస్థలోను చేరారు. ఆయనతోపాటు ఆ కాలంలో మరికొందరు భారతీయ విద్యార్థులు ఆ కాలేజిలో చదివారు.

ఎందుకు? 1909 జూలైలో మదన్‌లాల్ ఢింగ్రా అనే భారతీయ విద్యార్థి లండనులో కర్జన్ వైలీ అనే అధికారిని కాల్చి చంపాడు. ఆ తరువాత ఇంగ్లండులో భారతీయ విద్యార్థిని చూచే చూపే మారిపోయినది. వారి నడవడిని విచారించే సలహాదారులు వెలిశారు. సంస్థల తలుపులు బిగిసినవి. అనుమానం, చిన్నచూపు నిత్యానుభవమైనవి. ఐర్లండు కూడ ఆనాడు ఆంగ్లేయుల పాలనలోనే ఉన్నది. అయితే 1908 నాటి చట్టం వల్ల అక్కడ కొత్తగా ఐర్లండు జాతీయ విశ్వవిద్యాలయం ఏర్పడి, డబ్లిను యూనివర్సిటీ కాలేజి అందులో భాగమైనది. అదే నగరంలో పదహారవ శతాబ్దంనాటి ట్రినిటీ కాలేజి ఉన్నది. పురాతన ప్రతిష్ఠ దానిది. గిరిగారు చేరినది కొత్తదానిలో. తలవంచుకొని పెద్ద గుమ్మంలో ప్రవేశించడం కంటె తల యెత్తుకొని చిన్న గుమ్మంలో ప్రవేశించడమే ఆ యువకులకు నచ్చినదని అనుకోవచ్చును.

అక్కడ జరిగినది మాత్రం ఎవరూ ముందుగా లెక్కవేయగలిగినది కాదు. ఆ కాలేజిలో ఆంగ్ల సాహిత్యం బోధించే ఉపన్యాసకులలో థామస్ మాక్డోనా ఒకరు. కవి, విమర్శకుడు. 1916 ఏప్రిల్ 24న ఈస్టరు పండుగ నాళ్ళలో డబ్లినులో తిరుగుబాటు చెలరేగినప్పుడు స్వతంత్ర ఐర్లండు ప్రకటనపై చేవ్రాలు చేసిన ఏడుగురిలో ఆయన ఉన్నాడు. మే 3న ఆయనను కాల్చి చంపారు. నిన్నటిదాక నల్లబల్ల ముందు నిలిచి పాఠం చెప్పిన గురువు ఈనాడు తుపాకుల ముందు నిలిచాడంటే, ఆ తరగతిలోని విద్యార్థుల మనఃస్థితి ఎలాంటిదో పాఠకులే ఊహించుకోవచ్చును. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీని సైతం ఆ నెలలోనే కాల్చివేశారు. భారతీయ విద్యార్థులపై పోలీసుల దృష్టి అంతకు ముందునుంచే ఉన్నది. దక్షిణాఫ్రికాలో భారతీయుల పాట్లను గురించి వారు అచ్చువేసిన కరపత్రం అధికారుల చేత చిక్కినది. తిరుగుబాటు అణగిపోయిన తరువాత సోదాలు జరిగినవి. జూలై 1 లోగా ఐర్లండు విడిచి పోవలసినదని గిరిగారికి ఉత్తరువు వచ్చినది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించదగినది. జూన్ 21న ఆయన బారిష్టరుగా నమోదయ్యారు. విశ్వవిద్యాలయపు బి.ఏ. పట్టా మాత్రం పూర్తికాలేదు. పది రోజుల తేడాలో ఒకటి చేతికి వచ్చినది, రెండవది జారిపోయినది. కాలేజి ఆయనను వెళ్లగొట్టలేదు. దేశపు ప్రభుత్వం వెళ్లగొట్టినది. మద్రాసు చేరి న్యాయవాదిగా నిలబడడానికి ఆ బారిష్టరు అర్హత చాలినది. నడిమధ్యలో దారి మూసుకుపోయినా చేతిలో మిగిలేదేమిటనే ప్రశ్న, మూడు సంవత్సరాల చదువుకై సముద్రం దాటిన విద్యార్థికి ఎంత ముఖ్యమో ఈ ఉదంతం చెప్పినంతగా ఏ సలహా పత్రమూ చెప్పలేదు. తరువాత గిరిగారు పేరు పొందినది న్యాయవాద వృత్తిలో కాదు, రైల్వే కార్మికుల సంఘాలలో. డబ్లినులో చూచిన కార్మికోద్యమం ఆయనను వదలలేదు. న్యాయశాస్త్రానికి పోయినవాడు కార్మిక సమస్యతో తిరిగివచ్చాడు. లండను చేరి ఉంటే ఏమయ్యేదో చెప్పడం జోస్యులకే సాధ్యం.

నూరేళ్ళు దాటినవి. ఈనాటి పామర్రు విద్యార్థిని ఏ ప్రభుత్వమూ విప్లవకారుడని తరమడం లేదు. కాని నిబంధనలు మారే తీరులో నాటికీ నేటికీ పోలిక ఉన్నది. బ్రిటన్ సంగతి చూడండి. చదువు ముగిసిన తరువాత రెండు సంవత్సరాలు అక్కడ పని వెదుకుకొనే అవకాశాన్ని ఆ దేశం 2012లో రద్దుచేసినది. 2021లో తిరిగి ఇచ్చినది. 2025లో దానిని పద్ధెనిమిది నెలలకు కుదించ నిర్ణయించినది. 2011లో చేరినవాడు ఒక లెక్కతో పోయి మరొక లెక్కలో చిక్కుకున్నాడు. అమెరికాలో చదివినవారికి శిక్షణ నిమిత్తం పన్నెండు నెలలు పని చేసుకొనే వీలున్నది. శాస్త్ర, సాంకేతిక విద్యార్థులకు 2016 నాటి నిబంధన ప్రకారం మరి ఇరవైనాలుగు నెలలు కలుస్తుంది. ఆపైన ఉద్యోగ వీసా కావాలి. దానికి చట్టం పెట్టిన పరిమితి సంవత్సరానికి 65 వేలు, అక్కడి ఉన్నత పట్టాలున్నవారికి అదనంగా 20 వేలు. కోరేవారు అంతకు ఎన్నో రెట్లు కనుక చీటీలు తీస్తారు. ప్రతిభకు పరీక్ష పెట్టి గెలిపించిన తరువాత అదృష్టానికి పరీక్ష పెట్టే విధానమిది. దీనిపై 2025 సెప్టెంబరులో, కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఆ దేశాధ్యక్షుని ప్రకటన ఒకటి వెలువడినది. అప్పటికే రెండు సంవత్సరాల చదువుకు అప్పు చేసి వెళ్ళినవారి ఇళ్ళలో ఆ వారం అన్నం సయించి ఉండదు.

జర్మనీని గురించి మన ప్రాంతంలో ఒక మాట వ్యాప్తిలో ఉన్నది: అక్కడ చదువు ఉచితమని. చాలవరకు నిజమే, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలచోట్ల బోధనారుసుము లేదు. కాని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఐరోపా సమాఖ్యకు వెలుపలివారు 2017 నుంచి ఒక్కొక్క అర్ధ సంవత్సరానికి 1,500 యూరోలు చెల్లించాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతకాలపు తరగతులనుంచి అలాంటివారిపై రుసుము విధించినది. దీనికి తోడు తన పోషణకు సరిపడే సొమ్మున్నదని చూపవలె. 2024 సెప్టెంబరునుంచి ఆ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. అది రుసుము కాదు, విద్యార్థి తన తిండికి నెలనెలా తీసుకొనే సొంత డబ్బే. అయినా ముందుగా బ్యాంకులో పడవలసినదే. ఇక భాష ఉన్నది. తరగతిలో ఇంగ్లీషు చెల్లవచ్చును. ఇల్లు అద్దెకు కుదుర్చుకొనేటప్పుడు, చిన్న కర్మాగారంలో పని అడిగేటప్పుడు జర్మన్ రాకపోతే మూగవాడే. కూచిపూడి అడుగులు నేర్చుకొనే పిల్లలకు తెలుసు, రెండేళ్ళ సాధన అంటే ఎంతో. భాష కూడ అలాంటిదే. విమానం యెక్కేముందు మూడు నెలలలో రాదు.

విశ్వవిద్యాలయమే లేని విశ్వవిద్యాలయాలూ ఉన్నవని మరచిపోరాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనే సంస్థపై అమెరికా అధికారులు దాడి చేశారు. వెయ్యిన్నర మందికి పైగా విద్యార్థులు. అత్యధికులు ఆంధ్రదేశంనుంచి పోయినవారే. కొందరి కాలి మడమలకు వారి కదలికలను కనిపెట్టే యంత్రపు కడియాలు తగిలించారు. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో పదహారేళ్ళకు పైబడిన శిక్ష పడినది. అంతటితో బుద్ధి వచ్చినదా అంటే రాలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు బయటపడినది. అది అమెరికా ప్రభుత్వాధికారులే వలగా పన్నిన బూటకపు సంస్థ. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. అందులోనూ పట్టుబడినవారిలో తెలుగు పిల్లలు అనేకులు. అధికారులు వల పన్నడం ధర్మమా అనే చర్చ వేరు. తరగతులు జరగని చోట రుసుము కట్టి చేరినవారికి ఆ సంగతి ఒక్క నెలలో తెలియకపోదు. ఆ సంస్థ పేరు గుర్తింపు పొందిన విద్యాసంస్థల జాబితాలో సైతం ఉన్నది కనుక, జాబితా ఒక్కటే చూచుకొంటే చాలదు. 

రెండు సంస్థలూ నిజమైనవే, రెండు దేశాలూ తలుపు తెరిచినవే అయితే, అప్పుడు చూడవలసినది ఏమి నేర్చుకొనబోతున్నామన్నది. ఈ విషయంలో ఇదే బందరు బాట మీది కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావుగారిని తలచుకోవాలి. బాల్యంలోనే ఒక కంటి చూపు పోయినది. మద్రాసులో ఇంజనీరింగు చదివి, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంనుంచి 1939లో డాక్టరేటు పొందారు. ఇంగ్లండులో అంటే ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పేర్లే ఈనాటికీ మన నోట మొదట వస్తాయి. బర్మింగ్‌హామ్ కర్మాగారాల నగరం; అక్కడి విశ్వవిద్యాలయం 1900లో ఏర్పడినది. నిర్మాణశాస్త్రంలో పని చేయవలసిన మనిషికి కావలసినది అక్కడ దొరికినది. తిరిగివచ్చి ఆయన చేసిన పని మన కళ్ళ ముందు నిలిచి ఉన్నది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరాన్ని సిమెంటు కాంక్రీటుతో గాక రాతి కట్టడంగా నిర్మించిన వెనుక ఉన్న ఆలోచనలో ఆయన పాత్ర పెద్దది. యంత్రాలు కొనడానికి విదేశీ ద్రవ్యం లేని దేశంలో వేలాది కూలీల చేతులకు పని దొరికినది. బర్మింగ్‌హామ్ పాఠాలలో ఈ రాతికట్టు సలహా ఉన్నదని ఎవరూ అనలేరు. అక్కడ నేర్చిన గణితమూ, ఇక్కడి కూలీ సంగతీ రెండూ తెలిసినవానికే అది తోచినది.

యలవర్తి నాయుడమ్మగారి కథ కూడ ఇలాంటిదే. తెనాలి సమీపాన యలవర్రులో 1922లో జన్మించి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో తోళ్ళ శాస్త్రంలో పరిశోధన చేశారు. లీహై పేరు మన ఇళ్ళలో ఎంతమంది విన్నారు? పెన్సిల్వేనియాలోని ఆ చిన్న సంస్థకు ఆయన పోయినది ఊరూ పేరూ చూచి కాదు, అక్కడ తోలు రసాయనంపై జరిగే పనిని చూచి. వచ్చి మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధనాలయానికి 1958 నుంచి పదమూడేళ్ళు డైరెక్టరుగా ఉన్నారు. విద్యార్థి తన రెండు ప్రవేశపత్రాలను పక్కపక్కన పెట్టి, పైన అచ్చువేసిన ముద్రలను కాసేపు చేత్తో మూసి, లోపలి పాఠ్యాంశాలను, బోధించేవారి పరిశోధనలను చదివితే, అంతవరకు కనబడని తేడా కనబడుతుంది.

పెద్దలలో రెండు రేవులలోనూ కాలు పెట్టినవారూ లేకపోలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు కలకత్తా ఆచార్యపదవిని వదలకుండానే 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యపదవి స్వీకరించి, కొన్నేళ్ళు ఏడాదిని రెండు దేశాలకూ పంచి యిచ్చారు. అది గురువులకు చెల్లినది. రుసుము కట్టే శిష్యులకు చెల్లదు.

రుసుము మాట వచ్చినది గనుక డబ్బు సంగతి కప్పిపుచ్చడం ఎందుకు? డెల్టా రైతుకు చదువు మీద మమకారం కాలువ నీళ్ళతోపాటు వచ్చినది. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత పంట నిలకడయినది. పంట మిగులు బడులై, హాస్టళ్ళై, కాలేజీలై పెరిగినది. ఇప్పుడు ఆ మిగులు చాలడం లేదు. భూమే తాకట్టుకు పోతున్నది. బ్రిటన్‌లో ఎం.ఎస్. చాలవరకు ఒక్క సంవత్సరం, అమెరికాలో ఒకటిన్నర నుంచి రెండు, జర్మనీలో రెండు. ఒక్క సంవత్సరపు చదువు చవక అనిపిస్తుంది గాని, విద్యార్థి ఊరి బస్సుల వేళలు తెలుసుకొనే లోపలే ఉద్యోగపు వేటలో పడవలసి వస్తుంది. రెండేళ్ళ చదువులో రెండవ ఏటి రుసుమును రెండవ ఏటి మారకపు ధరలో కట్టాలి. 2011 చివర యాభై రూపాయలు దాటిన డాలరు 2022లో ఎనభై దాటినది. అక్కడ ఉద్యోగం దొరికినవానికి ఇది లాభం. దొరకక తిరిగివచ్చి రూపాయలలో జీతం తీసుకొనేవానికి అప్పు కొండయి కూర్చుంటుంది. కనుక తండ్రి వేయవలసిన లెక్క ఉద్యోగం వచ్చినప్పటిది కాదు, రానప్పటిది. ఆ లెక్కకు తట్టుకొనగలిగిన విశ్వవిద్యాలయం ఒక మెట్టు కిందిదైనా దానిని తేలికగా తోసిపుచ్చరాదు.

ఇంతకంటె బరువైన ఖర్చు ఒకటి ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టుకోవలసి వచ్చినది. మద్రాసు వైద్యశాఖలో కొలువు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో బోధిస్తూ, హార్వర్డులోని ఉష్ణమండల వైద్యవిభాగంలో ప్రవేశం సంపాదించారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం, మామగారు కూడదీసిన సొమ్ము ఆయనను బోస్టను చేర్చినవి. చేతిలోని పట్టా అక్కడ అక్కరకు రాలేదు; రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలపాత్రలు కడిగి జీవించారు. ప్రపంచంలో ప్రథమశ్రేణి సంస్థ అది. అక్కడ ఫాస్ఫరస్‌ను కొలిచే విధానం, కండరాలకు శక్తినిచ్చే పదార్థాల పరిశోధన ఆయన చేతిమీదుగా సాగినవి. అదే సంస్థ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లే అనే ఔషధ సంస్థకు పోయారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, ఆరియోమైసిన్ అక్కడినుంచే వచ్చినవి.

తిరిగివస్తానని భార్యకు చెప్పి ఆయన ఓడ యెక్కారు. రాలేదు. తాను కన్నులారా చూడని కుమారుడు పసితనంలోనే ఇక్కడ కన్నుమూశాడు. 1948 ఆగస్టులో ఆయన న్యూయార్కులో మరణించేనాటికి భార్య శేషగిరిగారు ఈ దేశంలోనే ఉన్నారు. లోకానికి కలిగిన మేలును ఒక పళ్లెంలోను, ఈ ఇంటి కష్టాన్ని మరొక పళ్లెంలోను పెట్టి తూచడం ఎవరి తరమూ కాదు. తూచకపోయినా, రెండవ పళ్లెం ఒకటున్నదని పిల్లవానికి చెప్పవలసినవారు ఉండాలి. ఈనాడు విమానం ఒక్క రోజులో చేరుస్తుంది, తెరమీద ముఖం కనబడుతుంది, నిజమే. కాని వీసా చిక్కులలో పడి, తిరిగి రానివ్వరేమోనన్న భయంతో తండ్రి అంత్యక్రియలకు సైతం రాలేకపోయిన కుమారులు ఈ తరంలోనూ ఉన్నారు.

అమెరికాలో సహాయ వేతనంతో పిలుపు పంపే విశ్వవిద్యాలయాలలో చాలవాటికి, విద్యార్థి తన నిర్ణయం తెలుపవలసిన గడువు ఏప్రిల్ 15. జర్మనీలో శీతకాలపు తరగతులకు చాలచోట్ల దరఖాస్తు గడువు జూలై 15. నడుమ మూడు నెలలున్నవి. దాళ్వా లేని ఏడు ఆ వేసవి రోజులలో కృష్ణా కాలువలకు నీళ్ళు కట్టివేసి ఉంటాయి, మినుము ఇల్లు చేరి ఉంటుంది, బడులకు సెలవులు. పామర్రు రైతు ఇంటి అరుగు మీద తండ్రీ, కుమారుడూ, మాస్టారూ కూర్చొని, రెండు ప్రవేశపత్రాలనూ మొదటి పంక్తినుంచి చివరి పంక్తి దాక చదువుకోవడానికి ఆ వేళలో అడ్డు వచ్చే పని ఏమీ ఉండదు.